ముడిసరుకు ఎవరిది?

గద్దర్ గురించి రాసేవాళ్ళు చాలామంది 1972 నుంచి, అంటే జననాట్యమండలి నుంచి మొదలుపెడతారు. అంతకుముందుదంతా ఒక్క వాక్యం: మెదక్ జిల్లా తూప్రాన్, దళిత కూలీ కుటుంబం, అసలు పేరు గుమ్మడి విఠల్ రావు. ఆ తర్వాత కథంతా పార్టీది. జానపద రూపానికి విప్లవ సారం ఎక్కించాడన్నది మన విమర్శకు అలవాటైన మాట. మాకు పేచీ ఈ మాటతోనే. రూపమేమన్నా ఖాళీ కుండా, ఎవరో వచ్చి నింపడానికి? నాట్లేసే ఆడవాళ్ళ పాటలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. అలుపు, ఎకసెక్కెం, దొర మీద కసి అన్నీ అందులోనే ఉంటాయి. అది ఆలోచన కాదా? డప్పు మాదిగ చేతిలో ఉన్నన్నాళ్ళూ మైల, వేదికెక్కంగనే కళారూపం!

తొలినాళ్ళ 'ఆపర రిక్షా' చూడండి. పేరులోనే పిలుపుంది. అది రిక్షా తొక్కేవాడి మీద జాలి కాదు, వాడితోనే మాట. కూలి మనిషి కూలి మనిషిని పిలిచే ఆ గొంతు ఇంజనీరింగు చదువులోనో, 1975లో చేరిన కెనరా బ్యాంకులోనో నేర్చింది కాదు.

1985లో కారంచేడు మీద పాట కట్టిందీ ఆ గొంతే. ఏడ్చి ఊరుకోలేదు, నిలబడి కొట్లాడినవాళ్ళను ఎత్తి పాడింది. దాన్ని ఉత్త వర్గపోరాట పాటగా చదివే విమర్శ, అక్కడ చంపేసిన ఆరుగురూ మాదిగలేనన్న సంగతిని ఏ ఖాతాలో రాస్తుంది?