బొల్లికోడి, జంబుకోడి: తోక చూస్తే తెలిసిపోతుంది

జూలూరుపాడు పొలానికీ అడవికీ సరిహద్దులో ఉంది. ఒకవైపు ఏన్కూరు దాటితే వైరా చెరువులు, వరి మడులు. ఇంకోవైపు కొత్తగూడెం అడవులు, పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయం. చలికాలంలో ఈ ప్రాంతపు చెరువు కట్టలెక్కి చూస్తే నీళ్లమీద నల్లటి పక్షులు కనిపిస్తాయి. కొందరు బాతులంటారు, కొందరు నీటికోళ్లని సరిపెడతారు. బాతులైతే కావు. ఇంగ్లీషులో కూట్, మూర్‌హెన్ అని పిలిచే రెండు జాతులివి, ఒకే కుటుంబానివి. మన పేర్లు ఊరూరా మారతాయి కనుక ఇక్కడ తెల్ల నుదురుదాన్ని బొల్లికోడి అనీ, ఎర్ర నుదురుదాన్ని జంబుకోడి అనీ అందాం.

నుదురు కనబడితే పేచీ లేదు. బొల్లికోడి ఒళ్లంతా బొగ్గు నలుపు. ముక్కూ, దానిపైన నుదుటి బిళ్లా సున్నం పూసినంత తెలుపు. జంబుకోడికి నుదుటి బిళ్ల ఎరుపు, ముక్కు కొస పసుపు. కానీ చెరువు ఆ దరిన, ఎదురెండలో ఉన్న పక్షికి నుదురెక్కడ కనిపిస్తుంది? పైగా పిల్లలకు ఈ రంగులు ఇంకా రావు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసినప్పుడు పక్షిని కాల్చి, చేతిలోకి తీసుకుని, కొలిచి జాతి తేల్చేవారు. ఇప్పుడు మనకున్నది బైనాక్యులర్, ఓపిక. దూరం నుంచే పోల్చుకోవాలి. అందుకే రంగుకంటే ముందు నడత చూడమంటాను.

మొదట, పక్షి ఎక్కడుందో చూడాలి. బొల్లికోడి నడినీళ్లది. గుంపుగా తేలుతుంది, బుడుంగున మునిగి అడుగునున్న నాచు తెంపుకొస్తుంది. జంబుకోడి జమ్ము, తుంగ అంచు వదలదు. ఆకులమీద నడుస్తూ గింజలు, పురుగులు ఏరుకుంటుంది. బెదిరిస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. బొల్లికోడి రెక్కలు టపటపలాడిస్తూ నీళ్లమీద చాలా దూరం పరుగెత్తితే గాని గాల్లోకి లేవలేదు. జంబుకోడి చప్పున జమ్ములో దూరిపోతుంది.

ఇక తోక. నాకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇదే. జంబుకోడి ఈదేటప్పుడు తల ముందుకూ వెనక్కూ ఊపుతుంది, తోక మాటిమాటికీ ఎగరేస్తుంది. ఎగరేసినప్పుడల్లా తోక కింద రెండు తెల్ల మచ్చలు మెరుస్తాయి. పక్కల వెంట తెల్లటి గీత కూడా ఉంటుంది. బొల్లికోడికి ఇవి రెండూ లేవు. దాని వీపు గుండ్రంగా, తోక పొట్టిగా నీటికి వాలి ఉంటుంది. ఎదిగీ ఎదగని పిల్లల దగ్గర ఈ గుర్తు ఆదుకుంటుంది. గోధుమరంగు పిల్లకు తోక కింద తెలుపుంటే జంబుకోడి పిల్ల. అది లేకుండా మెడ ముందుభాగం, రొమ్ము తెల్లబారి ఉంటే బొల్లికోడి పిల్ల. గట్టెక్కినప్పుడు కాళ్లు చూడండి: జంబుకోడివి సన్నగా, పొడుగ్గా సాగిన వేళ్లు, బొల్లికోడి వేళ్లకు ఈదడానికి అనువైన రేకులుంటాయి.

ఇంత పట్టింపు ఎందుకంటే, లెక్క కోసం. మన దేశంలో 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. జంబుకోడి ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది. బొల్లికోళ్లు ఇక్కడ ఉండేవి కొన్నైతే, చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చి కలిసేవి మరెన్నో. రెండు జాతులనూ ఒకే పద్దులో వేస్తే, వలస గుంపు దిగిన ఏడాది చెరువు బాగున్నట్టే కనిపిస్తుంది. ఆ పక్కనే జంబుకోళ్లు తగ్గిపోయినా లెక్కకు తెలియదు. 2015లో చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక ఎన్నో చెరువుల్లో పూడిక తీశారు. అది కావలసిన పనే, నీళ్లు నిలవాలి. అయితే జమ్మును ఒక్క దుబ్బు మిగలకుండా పెరికేస్తే జంబుకోడికి దాక్కోవడానికీ గూడు పెట్టడానికీ చోటుండదు. అలుగుకు, తూముకు అడ్డంరాని ఒక మూలనైనా జమ్మును ఉంచాలన్నది నా గట్టి అభిప్రాయం.

లెక్కకు పొద్దున్నే వెళ్లాలి, ఎండ వీపుకు తగిలేలా నిలబడాలి. ముందు నడినీళ్ల గుంపులు లెక్కపెట్టి, ఆ తర్వాత జమ్ము అంచున కదలకుండా కూర్చుంటే లోపలున్నవి ఒక్కొక్కటే బయటికొస్తాయి. జాతి తేలని వాటిని ఏదో ఒక పేరు కింద తోసెయ్యకుండా మూడో గడిలో విడిగా రాయాలి.