కోపం ఎవరిది? – ఒక బొమ్మల పుస్తకం, మన తెలుగు పాఠం

తండ్రి తల్లిని కొడుతుంటే మూల నిలబడి చూసే పిల్లవాడికి ఒక పుస్తకం ఏ మేరకు తోడుపడగలదు? 2003లో నార్వేలో వెలువడిన 'సిన్నా మన్' అనే బొమ్మల పుస్తకాన్ని మేము ఈ ప్రశ్నతోనే చదివాం. రచన గ్రూ దాలె, బొమ్మలు స్వేన్ నీహూస్. హింస జరిగే కుటుంబాలతో పనిచేసే ఒక చికిత్సకుడి ప్రేరణతో తయారైన పుస్తకమిది. 2009లో అనీతా కిల్లీ దీనిని లఘుచిత్రంగా తీశారు.

కథ చిన్నదే. బోయ్ అనే పిల్లవాడు తండ్రి ఎలా ఉన్నాడోనని చెవులు రిక్కించి వింటుంటాడు. నెమ్మదిగా ఉన్న తండ్రిలోంచి ఉన్నట్టుండి 'కోపపు మనిషి' బయటికొస్తాడు. తప్పు తనదేనేమోనని పిల్లవాడి బెంగ. ఎవరికీ చెప్పుకోలేక చివరికి రాజుకు ఉత్తరం రాస్తాడు. రాజు వస్తాడు. తప్పు నీది కాదంటాడు. తండ్రిని బాగుచేయడానికి వెంట తీసుకుపోతాడు.

ఈ పుస్తకం బలం దెబ్బల వర్ణనలో లేదు, దెబ్బకు ముందరి నిశ్శబ్దంలో ఉంది. ఇటువంటి ఇళ్లలో పిల్లలు చెప్పులు విడిచిన చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో చెప్పగలరు. ఆ సంగతి పెద్దలకు కూడా తెలుసునని పిల్లవాడికి తెలియడమే మొదటి ఊరట.

మా తరగతిలో ఈ కథను తెలుగులో చెప్పించి చూశాం. పేరు దగ్గరే చిక్కు వచ్చింది. 'కోపిష్టి' అంటే మనిషి మొత్తం అదే అవుతాడు; పుస్తకంలో తండ్రి వేరు, ఆ మనిషి వేరు. ఒక విద్యార్థిని 'పూనకం' అంది. మాట చక్కగా అతికింది, కాని ప్రమాదమూ అందులోనే ఉంది. పూనకం వచ్చినవారిని ఎవరూ తప్పు పట్టరు! మన వాక్యమే అటువంటిది: 'నాన్నకి కోపం వచ్చింది'. కోపం చుట్టంలా వస్తుంది, పోతుంది. నాన్న షష్ఠీ విభక్తిలో తప్పుకుంటాడు. కొట్టిన కర్త వ్యాకరణంలోనే మాయమవుతాడు. మూలంలోనూ ఈ ప్రమాదం లేకపోలేదు. అయితే తన చేతలను తానే చక్కదిద్దుకోవలసిన బాధ్యతను ఆ కథ తండ్రి మీదే ఉంచుతుంది. తెలుగులో చెప్పేటప్పుడు 'నాన్న కొట్టాడు' అనే వాక్యం ఒక్కసారైనా ఉండి తీరాలని మేము పట్టుబట్టాం.

మాకు నచ్చనివీ ఉన్నాయి. తల్లి దాదాపు మౌనంగా మిగిలిపోతుంది. రాజు రావడంతో చిక్కు విడిపోవడం జానపద కథకు సరిపోతుంది గాని, ఉత్తరం రాసి ఎదురుచూసే నిజమైన పిల్లవాడికి సరిపోదు. నార్వేలో రాజు ఉన్నాడు. పైగా 1987 నుంచీ పిల్లలను కొట్టడాన్ని చట్టం నిషేధించిన దేశమది. మన పిల్లవాడికి రాజెవరు? 1996లో ముంబయిలో మొదలై దేశమంతటా విస్తరించిన 1098 ఫోను ఉంది. తరగతి ఉపాధ్యాయురాలు ఉంది. పక్కింటి అవ్వ ఉంది.

కాని హోసూరులోనో బళ్లారిలోనో బరంపురంలోనో ఉన్న తెలుగింటి పిల్లవాడి సంగతి మరొకటి. తిట్లు, ఏడుపు, బతిమాలడం అన్నీ తెలుగులో జరుగుతాయి. చెప్పుకోవలసింది మాత్రం తమిళంలో, కన్నడంలో, ఒడియాలో. 2005 నాటి చట్టం పుణ్యమా అని 'గృహహింస' మనకు పరిచితమైన మాటే అయినా, ఏ పిల్లవాడూ ఇంట్లో ఆ మాట వినడు. వాడు వినేది 'గొడవ'. గొడవలో ఇద్దరికీ సమాన వాటా ఉన్నట్టు ధ్వని. అందువల్ల ఇటువంటి పుస్తకం తెలుగులో రావాలంటే గొడవకూ కొట్టడానికీ తేడా ఇంటి మాటల్లోనే చూపాలి. 'నువ్వు మధ్యకు వెళ్లకు, చెల్లెల్ని తీసుకుని అవ్వ దగ్గరికి వెళ్లు' అన్నంత తేటగా ఉండాలి.

ఇక మన సొంత పాఠాల మాట. మేము ఇక్కడి పిల్లలకు తెలుగు నేర్పేటప్పుడు సామెతల పట్టిక ఇస్తాం. అందులో 'ఇంటిగుట్టు లంకకు చేటు' ఏటేటా ఉంటూ వచ్చింది. విభీషణుడి కథ చెప్పి, అర్థం రాయించి, మార్కులు వేశాం. బోయ్ ఉత్తరం చదివాక ఆ పట్టికను మళ్లీ తీశాం. సామెతను కొట్టివేయలేదు, దాని పక్కన ఒక ప్రశ్న చేర్చాం: లంకలో తప్పు ఎవరిది, చెప్పినవాడిదా, చేసినవాడిదా?