మెట్టుకో బొట్టు

మా ముదినేపల్లి మండలంలో ఎత్తయిన చోటు ఏదని అడిగితే కాలువ గట్టు చూపిస్తారు. అది కాకపోతే చేపల చెరువు గట్టు. ఎక్కడ తవ్వినా ఒండ్రుమట్టే. రాయి చూడాలంటే గుళ్ళోకి వెళ్ళాలి. ఇలాంటి నేల మీద పెరిగినవాళ్ళకి నడక అంటే ముందుకు పోవడం. గుడివాడ ఎంత దూరం, కైకలూరు ఎంత దూరం అన్నదే లెక్క. పైకి పోవడమనే లెక్క మాకు అలిపిరి దగ్గర మొదలవుతుంది.

గుడివాడలో రాత్రి రైలెక్కి, తెల్లారి తిరుపతిలో దిగి నడకదారి పట్టిన జట్లలో మావాళ్ళని ఇట్టే గుర్తుపట్టొచ్చు. పాదాల మండపం దగ్గర దణ్ణం పెట్టుకుని, సైకిలు మీద గట్టున పోయినంత హుషారుగా బయల్దేరతారు. కుర్రాళ్ళయితే రెండేసి మెట్లు. కాసేపటికే మాటలు తగ్గుతాయి, గోవింద నామాలు తగ్గుతాయి, ఆపైన చతికిలబడ్డం. దిగొచ్చేవాళ్ళు ఎవరైనా ఎదురైతే "ఇంకా ఎంతుందండీ?" అని అడుగుతారు. "వచ్చేశారు బాబూ, కాస్తే" అంటారు వాళ్ళు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

మెట్లు 3,550, దూరం సుమారు 9 కిలోమీటర్లు. ఈ రెండంకెలూ అందరూ చెబుతారు. మూడోది ఎవరూ చెప్పరు. తిరుపతికీ తిరుమలకీ మధ్య ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ కొండల మనిషి ఒక సులువు లెక్క చెప్పాడు: మూడు మైళ్ళకి ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగుల ఎత్తుకి మరో గంట. ఆ లెక్కన అలిపిరి దారికి మూడు గంటలు, అందులో గంటకు పైగా ఒక్క ఎత్తు కోసమే. నిదానంగా ఎక్కేవాళ్ళకి పట్టేదీ మూడు నాలుగు గంటలే. దేవుడి కొండైనా స్కాట్లండ్ కొండైనా మోకాలికి ఒకటే.

ఇలా నడకని గంటల్లో లెక్క చెప్పే దేశం ఒకటుంది. స్విట్జర్లాండ్‌లో 65,000 కిలోమీటర్లకు పైగా నడకదారులున్నాయి. దారులు చీలే చోటల్లా పసుపు బోర్డులు. వాటి మీద ఊరి పేరు పక్కన రాసేది దూరం కాదు, ఎంతసేపు పడుతుందో గంటలూ నిమిషాలూ. అలాంటి బోర్డు మన దారిలో గాలిగోపురం దగ్గర ఒకటి పెడితే దిగొచ్చేవాళ్ళకి అబద్ధమాడే పని తప్పుతుంది.

అయితే ఈ దారిలో నడక తెలిసినవాళ్ళు లేకపోలేదు. మెట్టుమెట్టుకీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతూ ఎక్కే ఆడవాళ్ళని చూడండి. వంగుతారు, బొట్టు పెడతారు, లేస్తారు, ఒక్క మెట్టు ఎక్కుతారు. ఊపిరి అందనంత తొందర వాళ్ళకి కుదరదు, మొక్కు కుదరనివ్వదు. పొద్దున్నే వాళ్ళని దాటిపోయిన కుర్రాళ్ళు పైన మండపంలో కాళ్ళు బారజాపుకుని ఉంటే, వాళ్ళ పక్కనుంచే బొట్లు పెట్టుకుంటూ వెళ్ళిపోతారు. ఆల్ప్స్‌లో గైడు మొదటి గంట కావాలని నెమ్మదిగా నడుస్తాడు, వెనకున్నవాళ్ళు విసుక్కునేంత నెమ్మదిగా. అతను జీతానికి చేసే పనిని వీళ్ళు మొక్కు కోసం చేస్తున్నారు.

ఒక్క విషయంలో మాత్రం నాకు మన దారి మీద ఫిర్యాదుంది. ఎండకీ వానకీ చాలా దూరం పైకప్పు వేశారు. వేయాల్సిందే, చెప్పుల్లేకుండా ఎక్కే దారి కదా. కానీ ఆ కప్పు కింద తలొంచుకుని ఎక్కినవాడికి కొండ ఎక్కానన్న గుర్తు కాళ్ళ నొప్పే తప్ప కంటికేమీ మిగలదు. సినిమా డ్యూయెట్ల పుణ్యమా అని ఆల్ప్స్ మంచు మనకి బాగా తెలుసు. శేషాచలం ఎర్ర రాతి గోడలు ఎలా ఉంటాయో అక్కడికి పోయొచ్చినవాళ్ళని అడిగితే ఆలోచించి చెబుతారు. గాలిగోపురం దగ్గర కప్పు కిందనుంచి ఇవతలికి వచ్చి వెనక్కి తిరిగితే తిరుపతి అంతా కాళ్ళ కింద పరుచుకుని ఉంటుంది. పల్లంలో పుట్టినవాడికి, పై నుంచి ఊరు చూడ్డమనేది దర్శనానికి ముందే దొరికే దర్శనం.

దిగడం వేరే విద్య. ఎక్కేటప్పుడు గుండెకి పని, దిగేటప్పుడు మోకాళ్ళకి. మోకాలు కాస్త వంచి ఉంచి, చిన్న అంగలు వేయాలి, చేతిలో కర్ర ఉండాలి. 2023 ఆగస్టులో ఈ దారిలో ఒక చిన్నారి చిరుతకి బలైంది. ఆ తర్వాత దేవస్థానం నడిచేవాళ్ళకి చేతికర్రలిచ్చింది. చిరుత ముందు కర్రేమిటని జనం వెటకారం చేశారు, ఆ వెటకారంలో న్యాయముంది. మోకాళ్ళకి మాత్రం అంతకన్నా మంచి సాయం లేదు.

మావాళ్ళు ఇవేమీ పెట్టుకోరు, దిగడానికి బస్సెక్కేస్తారు. నాకూ అభ్యంతరం లేదు, కిటికీ పక్కన చోటు దొరికితే. ఘాట్ రోడ్డు వెంబడి కొండని కోసిన చోట రెండు రకాల రాళ్ళు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. కింది గ్రానైట్‌కీ పైనున్న క్వార్ట్‌జైట్‌కీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ళ ఖాళీ ఉందని భూగర్భ శాస్త్రవేత్తల మాట. ఆల్ప్స్ పర్వతాలు పైకి లేవడానికి పట్టిన కాలమంతా తెచ్చి పెట్టినా ఆ ఖాళీలో ఓ మూలకి సరిపోతుంది. మలుపుల్లో కడుపు తిప్పి కళ్ళు మూసుకున్నవాళ్ళని తట్టిలేపి మరీ ఈ సంగతి చెబితే తిట్లే మిగులుతాయి.