స్వరం దిద్దే పంతులు

హిందుస్తానీ సంగీతం మామూలు ఇళ్లలోకి వచ్చిందంటే, ఆ ఘనత కచేరీ విద్వాంసులకన్నా పాఠం చెప్పే పంతుళ్లదే అంటాను. విష్ణు దిగంబర్ పలుస్కర్ 1901లో లాహోరులో గాంధర్వ మహావిద్యాలయం తెరిచేనాటికి ఆ విద్య చాలావరకు ఘరానాలనే సంగీత వంశాల్లో, రాజాస్థానాల్లో ఉండేది. ఆయన విరాళాలు పోగుచేసి బడి నడిపారు, స్వరలిపి తయారుచేశారు, పాఠ్యపుస్తకాలు అచ్చువేయించారు. తర్వాత ముంబైలో బడికి కట్టిన భవనం అప్పుల కింద పోయింది. 1931లో ఆయన కన్నుమూశాక శిష్యులు అఖిల భారతీయ గాంధర్వ మహావిద్యాలయ మండలం స్థాపించారు. దాని పరీక్షలు నేటికీ దేశమంతటా జరుగుతున్నాయి.

తరగతి గదిలో విద్వాంసులు తయారవుతారా అని గురుకుల పక్షంవారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, పరీక్ష కోసం బట్టీపట్టిన రాగానికి ప్రాణం ఉండదు. కానీ పేరున్న గాయకులు ఓంకార్‌నాథ్ ఠాకూర్, వినాయకరావు పట్వర్ధన్ ఆ బడిలో చదివినవారే. అంతకన్నా నాకు ముఖ్యమనిపించేది రోజువారీ పాఠం. తాన్‌పురా నాలుగు తీగలూ శ్రుతి చేసుకుని, ఇరవై గొంతుల్లో ఒక్కరి గాంధారం జారినా పట్టుకుని, విసుక్కోకుండా మళ్లీ షడ్జం నుంచి పాడించాలి. ఆ ఓపిక వల్లే వినే చెవులు తయారయ్యాయి. వినేవాళ్లు లేకపోతే ఎంతటి విద్వాంసుడికైనా సభ ఎక్కడిది? మీ పిల్లలకు సంగీతం చెప్పే పంతులి దగ్గర జీతం బేరమాడకండి.