గీత నిలవాలా, ముఖం నిలవాలా

వెడల్పాటి లెన్సు కొనబోయేవారు మొట్టమొదట అడిగేది, ఇందులో ఎంత పడుతుందని. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 24 ఎం.ఎం. లెన్సు మూల నుంచి మూలకు 84 డిగ్రీల మేర చూస్తుంది. 14 ఎం.ఎం. 114 డిగ్రీలు చూస్తుంది. 15 ఎం.ఎం. ఫిష్‌ఐ అయితే ఏకంగా 180 డిగ్రీలు. అంకెలు ఇలా పక్కపక్కన పెడితే వైడ్ లెన్సులన్నిటిలోకీ ఫిష్‌ఐ పెద్దదనిపిస్తుంది. కొందరు అలా ఆశపడి కొంటారు, గోడలూ గుమ్మాలూ వంగిపోవడం చూసి పక్కన పడేస్తారు. మిగతావారు అది సరదా లెన్సని, నాలుగు ఫొటోలకే మొహం మొత్తుతుందని దాని జోలికే పోరు. రెండు తీర్పులూ ఒకే చోట దారి తప్పాయని నా అభిప్రాయం. ఇద్దరూ లెన్సును వెడల్పుతో కొలుస్తున్నారు. అది దేన్ని కాపాడుతుంది, అందుకోసం దేన్ని వదులుకుంటుంది అని మాత్రం అడగడం లేదు.

ఏ లెన్సయినా ఏదో ఒకటి వదులుకోక తప్పదు. మన చుట్టూ అన్ని దిక్కులా పరుచుకున్న దృశ్యాన్ని చదునైన సెన్సర్ మీదకు దించాలంటే, భూగోళాన్ని అట్లాసు పేజీ మీద పరిచేవారికి ఎదురయ్యే చిక్కే ఎదురవుతుంది. మామూలు వైడ్ లెన్సు తిన్నని గీతను తిన్నగానే ఉంచుతుంది. అందుకు మూల్యం అంచుల్లో చెల్లిస్తుంది. 24 ఎం.ఎం. లెన్సుతో తీసిన ఫొటోలో పక్క అంచున ఉన్న తల, ఉండాల్సినదానికన్నా అడ్డంగా పావు వంతు సాగుతుంది. 14 ఎం.ఎం. అయితే ఒకటిన్నర రెట్లు దాటి, 1.6 దాకా పోతుంది. పెళ్లి మండపంలో బంధువులందరినీ ఒక్క ఫ్రేములోకి తెద్దామని తీసిన ఫొటోలో మేనత్త, పెదనాన్న చివర నిలబడ్డ పాపానికి లావెక్కిపోవడం ఇందువల్లే. దీన్ని నాసిరకం లెన్సు లోపమనుకుంటారు. ఎంత ఖరీదైన లెన్సు కొంటే ఈ సాగుడు అంత కచ్చితంగా వస్తుంది, ఎందుకంటే గీతను తిన్నగా ఉంచాలన్న నియమంలోనే అది ఉంది. అదే చోట, అంటే నడిమి నుంచి 52 డిగ్రీల పక్కన, మామూలు రకం ఫిష్‌ఐ ఆ తలను ఐదో వంతు మాత్రం సన్నం చేస్తుంది. స్టీరియోగ్రాఫిక్ పద్ధతిలో తయారైన ఫిష్‌ఐలో తల గుండ్రంగానే ఉంటుంది. వంగేవి గీతలు. అవి కూడా అన్నీ కాదు: ఫ్రేము నడిబొడ్డు మీదుగా పోయే గీత ఏదైనా ఫిష్‌ఐలో తిన్నగానే నిలుస్తుంది.

గీతలు తిన్నగా ఉండటమే నిజమనీ, అవి వంగితే అబద్ధమనీ చాలామంది వాదిస్తారు. ఈ వాదనలో బలం లేకపోలేదు. 14 ఎం.ఎం. ఫొటోను 36 సెంటీమీటర్ల వెడల్పున అచ్చువేసి, ఒక కన్ను మూసి, సరిగ్గా 14 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే ఆ సాగుడంతా మాయమవుతుంది, అంచున ఉన్న తల మళ్లీ గుండ్రంగా కనిపిస్తుంది. కానీ జానెడు దూరం కూడా లేకుండా ఫొటో చూసేవారు ఎవరు? గోడ మీద ఉన్నా, చేతిలో ఉన్నా అంతకన్నా దూరం నుంచే చూస్తాం. చిత్రకారులు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. వాటికన్‌లో 1509, 1511 మధ్య రాఫేల్ వేసిన ‘స్కూల్ ఆఫ్ ఏథెన్స్’లో కుడివైపు చివర ఇద్దరి చేతుల్లో రెండు గోళాలున్నాయి. ఆ చిత్రంలోని కట్టడమంతా పర్‌స్పెక్టివ్ నియమం ప్రకారం గీసిందే. ఆ నియమాన్నే పాటిస్తే అంత అంచున ఉన్న గోళాలు కోడిగుడ్డు ఆకారంలో రావాలి. రాఫేల్ వాటిని నిండు వృత్తాలుగా వేశాడు. కమానులకు ఒక నియమం, గోళాలకు మరొకటి. 2019లో గూగుల్ పరిశోధకులు ఫోన్ల వైడ్ కెమెరాల కోసం ప్రచురించిన పద్ధతీ దాదాపు ఇదే: నేపథ్యంలో గీతలను తిన్నగా ఉంచుతూ, ముఖాలున్న చోట మాత్రం స్టీరియోగ్రాఫిక్ లెక్కకు మారిపోవడం. ఫిష్‌ఐని బొమ్మ లెన్సుగా తీసిపారేసేవారు, ముఖాలను కాపాడటానికి అరువు తెచ్చుకున్నది ఆ కుటుంబపు లెక్కనే అని గుర్తించాలి.

అయితే మామూలు వైడ్ లెన్సుకు ఎదురులేని చోటు ఒకటుంది. బొమ్మ చదునుగా ఉండి, సెన్సరుకు సమాంతరంగా ఉంటే అంచుల్లోనూ సాగుడు ఉండదు, గీతలూ వృత్తాలూ కొలతలూ ఉన్నవి ఉన్నట్టు దిగుతాయి. సాగేది ఒళ్లున్న వస్తువులే. లేపాక్షి వీరభద్రాలయం మండపపు కప్పు మీది విజయనగర చిత్రాలకు ఇంతకన్నా తగిన లెన్సు లేదు. కెమెరాను నేల మీద వెల్లకిలా, కప్పుకు సమాంతరంగా పెట్టి తీస్తే, చిత్రంలోని మనుషులు చివర ఉన్నా సాగరు. ఫిష్‌ఐ పెడితే ఆ అంచుల పట్టీలన్నీ వంకరపోతాయి, చరిత్రకారుడికి ఆ ఫొటో ఎందుకూ పనికిరాదు. అదే బతుకమ్మ ఆడే మైదానానికి వద్దాం. ఫొటోగ్రాఫర్ వలయం లోపల, బతుకమ్మల పక్కన ఉన్నాడు, చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. అక్కడ కాపాడాల్సిన తిన్నని గీత ఒక్కటీ లేదు, ఉన్నవన్నీ దేహాలే. క్షితిజరేఖను ఫ్రేము నడుమ నిలిపి ఫిష్‌ఐతో తీస్తే నేల వంగదు, అంచుల్లోని మనుషులు మనుషుల్లా ఉంటారు, వలయం వలయంలా కనిపిస్తుంది. సముద్రం అడుగున ఫొటోలు తీసేవారు ఫిష్‌ఐని అంతగా నమ్ముకోవడానికీ కారణాలివే: అక్కడ గోడలుండవు, పైగా వస్తువుకు ఎంత దగ్గరగా పోతే మధ్యలో మసకబార్చే నీరు అంత తగ్గుతుంది.

ఫిష్‌ఐతో తీసి, తరవాత సాఫ్ట్‌వేర్‌లో గీతలు సరిచేసుకుంటే రెండూ దక్కుతాయి కదా అనేవారున్నారు. దక్కవు. గీత తిన్నబడిన మరుక్షణం అంచుల్లోని ముఖం సాగుతుంది, ఉన్న పిక్సెళ్లనే లాగి పరచడంతో అంచులు పలచబడతాయి కూడా. మొహం మొత్తుతుందన్న ఫిర్యాదులో మాత్రం నిజముంది. వంపు కోసమే వంపు చూపించే ఫొటోను రెండోసారి చూడబుద్ధి కాదు. కానీ ఈ లెన్సు పుట్టింది వంపు చూపించడానికి కాదు. నీటి అడుగు నుంచి పైకి చూస్తే ఆకాశమంతా దాదాపు 97 డిగ్రీల వలయంలోకి కుదించుకుపోతుంది. అమెరికన్ భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1906లో నీళ్లు నింపిన కెమెరాతో ఆ చూపును ఫొటోగా పట్టాడు. 1920లలో రాబిన్ హిల్ ఇంగ్లండ్‌లో మేఘాలను ఒక్క ఫ్రేములో పట్టడానికి ఆకాశపు లెన్సు రూపొందించాడు. చెట్ల కింద ఎంత వెలుతురు దిగుతుందో లెక్కకట్టే అడవి శాస్త్రవేత్తలు నేటికీ ఫిష్‌ఐని పైకి గురిపెట్టే తీస్తారు.

కొనేటప్పుడు మనుషులే ఎక్కువగా ఉండే పనికి 14కు ఎగబాకకుండా 20 లేదా 24 దగ్గర ఆగి, నాలుగడుగులు వెనక్కు వేసి, అంచుల్లో మనిషిని నిలబెట్టకుండా చూసుకోమంటాను. గుళ్లూ ఇళ్లూ తీసేవారికి 14, 16 న్యాయమైన కొనుగోలే. ఫుల్ ఫ్రేమ్ కోసం చేసిన 15 ఎం.ఎం. ఫిష్‌ఐని చిన్న సెన్సర్ కెమెరాకు తగిలిస్తే 180 డిగ్రీలు రావు, వంపు మాత్రం మిగులుతుంది. చిన్న సెన్సరుకు 8 ఎం.ఎం. లేదా 10 ఎం.ఎం. ఫిష్‌ఐ వెతుక్కోవాలి. ముందు గాజు ఉబ్బెత్తుగా ఉంటుంది కనుక దానికి మామూలు ఫిల్టర్లు బిగించలేం. ఆటోఫోకస్ కోసం మాత్రం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు: 8 ఎం.ఎం. లెన్సును ఎఫ్/8లో పెట్టి అర మీటరు దూరానికి ఫోకస్ చేస్తే పావు మీటరు నుంచి కనుచూపు మేర దాకా అంతా స్పష్టంగానే ఉంటుంది, చేత్తో తిప్పే పాత లెన్సయినా సరిపోతుంది.