పాచికల న్యాయము, కథాలోక న్యాయము

భరతుడు నాట్యశాస్త్రమున లోకధర్మి, నాట్యధర్మి అని రెండు పద్ధతులు చెప్పినాడు. నటుడు రంగముమీద నాలుగడుగులు వేసి వనము చేరితినన్నచో ప్రేక్షకుడు ఆక్షేపింపడు. బల్లచుట్టు కూర్చుండి పాచికలు వేయుచు కథ నడపుకొను క్రీడలను, నేడు రోల్ ప్లేయింగ్ గేమ్స్ అని వ్యవహరింపబడుచున్న వానిని, పరిశీలించునప్పుడు ఈ విభాగము మాటిమాటికి జ్ఞప్తికి వచ్చును. అయితే ఒక చిక్కు కలదు. నాటకమున కవి వేరు, నటుడు వేరు, ప్రేక్షకుడు వేరు. ఇచ్చట ముగ్గురును ఒక్కడే. నియమమును మన్నింపవలసినవాడే దానిని తన లాభమునకు వాడుకొనగలవాడు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను అమెరికనులు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను ప్రకటించిరి. ఇది యుద్ధక్రీడల గర్భమునుండి పుట్టినది. దానికి మూలమైన 1971 నాటి ‘చైన్‌మెయిల్’లో సామాన్య సైనికుడు ఒక్క దెబ్బకు కూలును. బొమ్మకు పేరును, కోరికయు ఏర్పడిన పిదప అంత సులభముగ చచ్చుట ఆటగాండ్రకు రుచింపలేదు. అందుచేత ఆర్నెసన్ ఓడల యుద్ధక్రీడలోని లెక్కను మనుష్యునకు తగిలించెను. ఓడ కొంచెము కొంచెముగ చెడును. మనుష్యుడు అట్లు కాడు. హిట్ పాయింట్ల తగవంతయు ఈ పుట్టుకలోనే ఉన్నది.

1978 నాటి నియమగ్రంథము ప్రకారము పది అడుగుల పతనమునకు ఆరు ముఖముల పాచిక ఒకటి చొప్పున వేయవలెను. ఎనుబది పాయింట్లు గల వీరుడు నూరడుగుల కొండచరియనుండి దూకినచో పది పాచికలు; ఎంత దురదృష్టము పట్టినను నష్టము అరువదికి మించదు. ఆటగానికి ఈ సంగతి తెలియును. కనుక వీరుడు మెట్లవైపు చూడనైనను చూడక దూకును! ఈ పాయింట్లు కేవలము రక్తమాంసములు కావనియు, నేర్పు, అదృష్టము, దైవానుగ్రహము వీనిలో చేరియున్నవనియు గైగాక్స్ సమాధానము చెప్పెను. కత్తిపోరునకు ఈ సమాధానము చాలును, కొండచరియకు చాలదు. దోషము వీరుడు బ్రదుకుటలో లేదు. ప్రహ్లాదుడును కొండమీదనుండి త్రోయబడి బ్రదికెను, ఎవరు ఆక్షేపించిరి? అతడు లెక్క వేసికొని దూకలేదు. ఆటగాడు నిర్ణయించుటకు గల కారణము పాత్రకు లేకుండుటయే ఇచ్చటి రసభంగము.

అసంభవమును దోషమనుకొను విమర్శకులు ఈ భేదమును గుర్తింపరు. ఆ ఆటలో మాంత్రికుడు మంత్రమును ప్రయోగించినంతనే మరచిపోవును. ఇది వింతయే, కాని జాక్ వాన్స్ 1950లో ప్రకటించిన ‘ది డయింగ్ ఎర్త్’ కథలనుండి వచ్చిన వింత. మాంత్రికునకును తన మతిమరపు తెలియును, దానికి తగినట్లు మసలుకొనును. 2008 నాటి నాలుగవ కూర్పు ఇట్టి పరిమితినే ఖడ్గధారికిని విధించినది. దినమునకు ఒక్కమారే వేయదగిన దెబ్బలట! ఉదయము వేసిన వేటును సాయంకాలము చేయి ఏల మరచును? ఆటకు సమత వచ్చినది. పాత్రకు నోట మాట లేకపోయినది.

దీనికి విరుద్ధముగ, మొదటి కూర్పులో బంగారమును బయటికి తెచ్చినవానికి నాణెమునకు ఒకటి చొప్పున అనుభవాంకములు లభించెడివి. మూట మోసినంత మాత్రమున కత్తివిద్య పెరుగునా అని నవ్వవచ్చును. పెరుగదు. అయినను పాత్రకు ధనాశ, ఆటగానికి అంకాశ; ఇరువురును ఒకే మెట్లు దిగుదురు, మూట బరువైనప్పుడు ఒకేచోట వెనుకకు తిరుగుదురు. తరువాతి కూర్పులు క్రమముగ దీనిని తొలగించుట నాకు సంస్కారముగ తోపదు.

2024లో వెలువడిన నిర్వాహక గ్రంథము, నియమములు ఆ లోకపు భౌతికశాస్త్రము కావని స్పష్టముగ చెప్పినది. వేలమంది పల్లీయులు వరుసగ నిలిచి ఆరు సెకండ్ల ఆవృత్తిలో ఈటెను చేతులు మార్చి కాంతివేగమున విసరవచ్చునను తార్కికుల చమత్కారమునకు అది ప్రత్యుత్తరము. తీర్పు యుక్తమే. కాని నియమము ప్రమాణము కానిచోట నిర్వాహకుని లోకజ్ఞానమే ప్రమాణము కావలెను. ప్రష్యా సైనికులు ఈ మార్గము నెన్నడో త్రొక్కిరి: 1824 నాటి రైస్విట్జ్ యుద్ధక్రీడలోని పట్టికలను త్రోసిపుచ్చి, 1876లో వెర్డీ డు వెర్నోయా అనుభవజ్ఞుడైన అధికారి తీర్పునకు ప్రాధాన్యమిచ్చెను. అనుభవజ్ఞుడు దొరకనిచోట పట్టికయే మేలని వేరుగ చెప్పనేల?

రెండు న్యాయములును కలిసిన ఉదాహరణము శాండీ పీటర్సన్ 1981లో రచించిన ‘కాల్ ఆఫ్ క్తుల్హు’. అందు నిషిద్ధజ్ఞానము ఎంత పెరిగిన, మనఃస్థైర్యమునకు గల పరిమితి అంత తగ్గును. చదువనిదే భూతమును పారద్రోలు ఉపాయము తెలియదు. చదివినచో తిరిగిరాని నష్టము. పాత గ్రంథము ఎదుట ఆటగాడు తన కాగితముమీది అంకెను చూచుకొని తటపటాయించును. ఏ అంకెను ఎరుగని పాత్రయు అచ్చముగ ఆ భయముతోనే అట్టను తాకి చేయి వెనుకకు తీసికొనును.