సీసాపై పేరు సాక్ష్యమగునా?

లవణ విశ్లేషణలో పరీక్షలు చేయక, సీసాపై చీటీని చూచి జవాబు వ్రాసిన విద్యార్థికి మనము మార్కులు వేయము. వైద్య పరిశోధకులు మాత్రము అట్టి తప్పునే ఏండ్ల తరబడి చేసిరి.

1951లో బాల్టిమోరునందలి జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెటా లాక్స్ అను స్త్రీ గర్భాశయముఖ క్యాన్సరు నుండి తీసిన కణములు గాజుపాత్రలలో ఎడతెగక పెరిగెను. ఆమె పేరును బట్టి వీనిని హీలా కణములనిరి. ఇవి పొరపాటున వేరొక పాత్రలో పడినచో, త్వరితముగా వృద్ధిచెంది, అందలి కణముల స్థానమును తామే ఆక్రమించును.

1966లో స్టాన్లీ గార్ట్లర్ అను జన్యుశాస్త్రజ్ఞుడు, వేర్వేరు మనుష్యులవని చెప్పబడిన 18 కణవంశములలో ఒకే ఎంజైము రూపమును కనుగొనెను. అది ముఖ్యముగా ఆఫ్రికా సంతతివారిలో కానవచ్చునది. లాక్స్ ఆ సంతతికి చెందినదే. కావున అవన్నియు హీలా కణములే కావచ్చునని ఆయన హెచ్చరించెను.

పలువురు దానిని లెక్కసేయలేదు. కాలేయమువని పేరొందిన ‘చాంగ్ లివర్’ కణములు హీలాయే యని తేలిన పిదపను, వానిని కాలేయ కణములుగా వాడిన వ్యాసములు వెలువడుచునే వచ్చినవి. గర్భాశయముఖ కణములపై చేసిన ప్రయోగము కాలేయమును గూర్చి ఏమి చెప్పగలదు?

కణములు కలియుట ప్రమాదవశమున జరుగవచ్చును. తెలిసియు పరీక్షింపకుండుట క్షమింపరానిది. నేడు డి.ఎన్.ఎ.లో పదేపదే వచ్చు చిన్న భాగములను పోల్చి మానవకణములను గుర్తించు పద్ధతి కలదు. ఆ ఫలితము జతపరుపని వ్యాసమును పత్రికలు ప్రచురింపరాదు. విద్యార్థికి పెట్టిన నియమము శాస్త్రజ్ఞునికిని వర్తింపవలదా?